హద్దుల లెక్క: మధ్యయుగ జ్యోతిషం నేర్చుకున్న నా అనుభవం

మేషంలో మొదటి ఆరు డిగ్రీలు గురువువి. తర్వాతి ఆరు శుక్రుడివి. ఆపైన ఎనిమిది బుధుడివి, ఐదు కుజుడివి, చివరి ఐదు శనివి. 2020 వేసవిలో కాలేజీ మూతపడి ఇంట్లో ఉన్న రోజుల్లో, దాదాపు వెయ్యేళ్ళ నాటి ఒక పుస్తకంలో ఈ పట్టిక చూశాను. చూడగానే ఎక్కడో విన్నట్టు అనిపించింది. ఎక్కడ విన్నానో తెలియడానికి మాత్రం మూడేళ్ళు పట్టింది.

మా తాతగారు కోనసీమలో సిద్ధాంతి. వేసవి సెలవుల్లో ఆయన అరుగు మీద కూర్చుని రాశి చక్రం వేయడం, దశలు లెక్కకట్టడం నేర్చుకున్నాను. అంతకు మించి పోలేదు. ఇంటర్ పిల్లలకి లెక్కలు చెప్పే ఉద్యోగంలో పడ్డాక అదీ మరుగున పడింది. ఇంట్లో ఎవరి పుట్టినరోజు వచ్చినా తాతగారు వర్షఫలం, అంటే ఆ ఏటి జాతకం, వేసేవారు. "ఈ ఏడు నీకు ముంథ పదింట్లో పడిందమ్మా, చదువు బాగుంటుంది" అనేవారు. ముంథ అంటే ఏమిటి తాతగారూ అని నేను ఎప్పుడూ అడగలేదు. ఈ వ్యాసం రాస్తుంటే అన్నిటికంటే బాధపెడుతున్నది అదే.

మధ్యయుగ జ్యోతిషం అంటే నా ఉద్దేశం, సుమారు ఎనిమిదో శతాబ్దం నుంచి పదమూడో శతాబ్దం దాకా బాగ్దాద్‌లో, పర్షియాలో, తర్వాత యూరప్‌లో అరబ్బీ, లాటిన్ భాషల్లో రాసిన శాస్త్రం. నాకు దానికి దారి చూపింది అల్ బీరూనీ. మన దేశం గురించి, మన గణితం గురించి రాసిన మనిషిగా ఆయన పేరు నాకు ముందే తెలుసు. ఆయన 1029లో గజనీలో రాసిన కితాబ్ అల్ తఫ్‌హీమ్ అనే పుస్తకానికి 1934లో వచ్చిన ఇంగ్లీషు అనువాదం దొరికింది. రైహానా అనే అమ్మాయి కోసం రాసిన పాఠాలు అవి. అంతా ప్రశ్నలూ జవాబులే. బిందువు, రేఖ లాంటి వాటితో మొదలవుతుంది. తర్వాత సంఖ్యలు, ఆకాశం, భూమి, క్యాలెండర్లు, నక్షత్రాల ఎత్తు కొలిచే ఆస్ట్రోలేబు అనే పరికరం. పుస్తకం సగం దాటాక గానీ గ్రహఫలాల జోలికి వెళ్ళడు. గణితమూ ఖగోళమూ రానివాణ్ణి జ్యోతిష్కుడు అనకూడదన్నది ఆయన పట్టు. ఆ పట్టు నాకు నచ్చింది. మా తాతగారూ అంతే, గణితం రాకుండా ఫలితం చెప్పేవాళ్ళని దగ్గరికి రానిచ్చేవారు కాదు.

పుస్తకంలో కొంత దూరం వెళ్ళాక "దరీజాన్" అనే మాట కనబడింది. రాశిని మూడు భాగాలు చేస్తే వచ్చే పదేసి డిగ్రీల ముక్క. అది మన ద్రేక్కాణమే. ఆ ద్రేక్కాణం కూడా మన దగ్గర పుట్టిన మాట కాదు, గ్రీకు "దెకనోస్" నుంచి వచ్చింది. గ్రీకు నుంచి సంస్కృతానికి, సంస్కృతం నుంచి అరబ్బీకి తిరిగిన మాట. మన జాతక గ్రంథాల్లో భావాలకి, అంటే చక్రంలోని ఇళ్ళకి, వాడే కేంద్రం, పణఫరం, ఆపోక్లిమం, జామిత్రం కూడా గ్రీకు మాటలేనని చదివాక, ఈ శాస్త్రం గురించి "మాది", "మీది" అని వాదించే వాళ్ళ మాటల్ని నేను పట్టించుకోవడం మానేశాను. మన పాత జ్యోతిష్కుడు వరాహమిహిరుడే యవనులకి, అంటే గ్రీకులకి, ఈ శాస్త్రం బాగా తెలుసని, వాళ్ళని ఋషుల్లా పూజిస్తారని రాశాడు.

తర్వాత అల్ ఖబీసీ రాసిన పరిచయ గ్రంథం తీశాను. పదో శతాబ్దంలో అలెప్పో పాలకుడు సైఫ్ అల్ దౌలా కోసం రాసింది. పన్నెండో శతాబ్దంలో లాటిన్‌లోకి వెళ్ళి, యూరప్‌లో కొన్ని వందల ఏళ్ళు విద్యార్థుల చేతుల్లో నలిగింది. దీనికి అరబ్బీ మూలం, లాటిన్, ఇంగ్లీషు అనువాదాలతో 2004లో మంచి ప్రతి వచ్చింది. కొత్తగా మొదలుపెట్టే వాళ్ళకి నేను మొదట చెప్పేది దీని గురించే. చిన్నది, ఎక్కడా సాగదీయదు. పదమూడో శతాబ్దపు ఇటలీ వాడు గిదో బొనాటీ రాసిన మహాగ్రంథంతో మొదలుపెడితే మాత్రం మునిగిపోతారు. బొనాటీ ఫోర్లీ ఊరివాడు, యుద్ధానికి ముహూర్తాలు పెట్టినవాడు. ఇటలీ కవి దాంతే తన కావ్యంలో ఆయన్ని నరకంలో చూపించాడు. ప్రశ్న, అంటే అడిగిన క్షణానికి చక్రం వేసి జవాబు, చెప్పే ముందు చూసుకోవాల్సిన విషయాలు ఆయన 146 రాశాడు. నేను రోజుకొకటి చొప్పున చదివాను. ఐదు నెలలు పట్టింది.

చదవడం ఒక ఎత్తు, చక్రం వేయడం ఇంకో ఎత్తు. వాళ్ళ చక్రం కూడా చతురస్రమే. కానీ మన తెలుగు చక్రంలో రాశులు కదలవు, మీనం పైన ఎడమ మూల, పక్కన మేషం, అలా గడియారం తిరిగినట్టు వెళ్తాం. వాళ్ళ చక్రంలో లగ్నం ఎప్పుడూ ఎడమ వైపే ఉంటుంది, భావాలు గడియారానికి ఎదురు దిశలో సాగుతాయి. కన్ను అలవాటు పడటానికి రెండు నెలలు పట్టింది. మూడో భావం అనుకుని పదకొండో భావం చదివిన రోజులు ఉన్నాయి. చివరికి సాఫ్ట్‌వేర్ కట్టేసి, గళ్ళ నోటుబుక్కులో స్కేలు పెట్టి రోజూ ఒక చక్రం చేత్తో గీశాను. నూరు చక్రాలు గీశాక గానీ కన్ను కుదుటపడలేదు.

అసలు దెబ్బ అయనాంశ దగ్గర, అంటే రెండు రకాల రాశి చక్రాల మధ్య ఉన్న తేడా దగ్గర తగిలింది. వాళ్ళు వాడేది విషువత్తు నుంచి లెక్కపెట్టే సాయన రాశి చక్రం, మనం వాడేది నక్షత్రాల నుంచి లెక్కపెట్టే నిరయన చక్రం. మనకి మకర సంక్రాంతి జనవరి 14 ప్రాంతంలో వస్తే, వాళ్ళ లెక్కలో సూర్యుడు డిసెంబర్ 21, 22 తేదీల్లోనే మకరంలోకి వెళ్ళిపోతాడు. ఇది తెలిసి కూడా సాఫ్ట్‌వేర్‌లో నిరయనం సెట్టింగ్ మార్చడం మర్చిపోయాను. ఆరు వారాల పాటు వాళ్ళ సూత్రాలన్నీ నిరయన చక్రాలకి పెట్టి, నోటుబుక్కు నిండా రాసుకున్నాను. ఒక రోజు పుస్తకంలో ఇచ్చిన ఉదాహరణ చక్రాన్ని నేను వేసి సరిచూసుకుంటే ఒక్క గ్రహమూ కలవలేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు ఆ పేజీలన్నిటికీ అడ్డంగా గీత కొట్టి మళ్ళీ మొదటి నుంచి చేశాను.

నా జాతకమే తీసుకుంటే తేడా ఎంతో తెలుస్తుంది. నేను పుట్టింది 1984 ఫిబ్రవరి నెలాఖరున, రాత్రి తొమ్మిది గంటల ప్రాంతంలో. మన లెక్కలో కన్యా లగ్నం, గురువు ధనుస్సులో స్వక్షేత్రం, శని తులలో పరమోచ్చకి, అంటే తనకి అన్నిటికంటే బలమైన డిగ్రీకి, దగ్గర్లో. మా ఇంట్లో ఈ రెండు మాటలూ చిన్నప్పటి నుంచి వింటూ పెరిగాను. "దానికేం, గురువు సొంతింట్లో ఉన్నాడు" అని మా నాన్నమ్మ అందరికీ చెప్పేది. సాయనంలోకి మారిస్తే అన్నీ 23 డిగ్రీలకు పైగా ముందుకు జరిగాయి. తులా లగ్నం అయింది. శని వృశ్చికంలోకి పోయి ఉచ్చ పోగొట్టుకున్నాడు. గురువు మకరంలో ఎనిమిదో డిగ్రీకి వచ్చాడు. అంటే నీచ, ఉచ్చకి సరిగ్గా ఎదురు, బలహీనమైన చోటు. గుండె కలుక్కుమంది. కాగితం మీది లెక్కే కదా అని సర్దిచెప్పుకోవడానికి కూడా కొంచెం సమయం పట్టింది.

కానీ ఈ శాస్త్రంలో బలాన్ని తూచే పద్ధతి వేరు. అది అర్థమయ్యాకే నాకు దీని మీద నిజమైన ప్రేమ పుట్టింది. గ్రహానికి ఒక చోట ఐదు రకాల హక్కులు ఉండొచ్చు. సొంత రాశి అయితే ఐదు మార్కులు, ఉచ్చ అయితే నాలుగు, త్రిరాశి పతి అయితే మూడు, హద్దు అయితే రెండు, ముఖం అయితే ఒకటి. త్రిరాశి అంటే అగ్ని, భూమి, వాయు, జల రాశుల గుంపులు. ఒక్కో గుంపుకి పగలు ఒక అధిపతి, రాత్రి ఒక అధిపతి, ఇద్దరికీ తోడు మూడోవాడు ఉంటారు. హద్దు అంటే మొదట్లో చెప్పిన పట్టిక, రాశిని ఐదు గ్రహాలు ఎక్కువ తక్కువగా పంచుకున్న భాగాలు. ముఖం అంటే పదేసి డిగ్రీలు. వీటిని అల్ ఖబీసీ మనుషులతో పోల్చి చెబుతాడు. సొంత రాశిలో గ్రహం తన ఇంట్లో ఉన్న మనిషి లాంటిది, హద్దులో ఉంటే తన వాళ్ళ మధ్య ఉన్నట్టు, ముఖంలో ఉంటే తన వృత్తిలో ఉన్నట్టు.

ఇప్పుడు మకరంలో ఎనిమిదో డిగ్రీ చూడండి. ఆ రాశిలో మొదటి ఏడు డిగ్రీలు బుధుడివి, తర్వాతి ఏడు గురువువి. మొదటి ముఖమూ గురువుదే. అంటే నా గురువు నీచలో ఉన్నా తన వాళ్ళ మధ్య, తన వృత్తిలో ఉన్నాడు. ఊరు కాని ఊళ్ళో, చేతిలో పని ఉండి, పక్కన చుట్టాలున్న మనిషి. పోనీ పూర్తిగా బాగున్నాడా అంటే అదీ లేదు. నాది రాత్రి జాతకం. ఈ శాస్త్రంలో గ్రహాలు రెండు జట్లు. సూర్యుడు, గురువు, శని పగటి జట్టు. చంద్రుడు, శుక్రుడు, కుజుడు రాత్రి జట్టు. బుధుడు ఎటైనా ఉంటాడు. పగలు పుట్టినవాళ్ళకి శని కొంత మెత్తబడతాడు, రాత్రి పుట్టినవాళ్ళకి కుజుడు మెత్తబడతాడు. రాత్రి పుట్టిన నాకు గురువు చేయాల్సినంత మేలు చేయలేడు, శని మాత్రం కాస్త గట్టిగానే ఉంటాడు. ఇలా ఒక్కో కాగితం తీసి తూకంలో వేస్తూ పోవాలి. ఒక్క మాటలో బాగుంది, బాగాలేదు అనేయడానికి వీల్లేదు. నాకు తెలిసిన జాతక పద్ధతిలో ఇలాంటి తూకం షడ్బలాల్లో, అంటే ఆరు రకాల బలాల లెక్కలో, ఉంది గానీ, అది నేను ఎప్పుడూ సాఫ్ట్‌వేర్ ఇచ్చిన అంకెగానే చూశాను. చేత్తో వేస్తే గానీ దాని రుచి తెలియదు.

ఉచ్చ డిగ్రీల పట్టిక పక్కపక్కన పెట్టినప్పుడు ఇంకో సంగతి కనిపించింది. చంద్రుడు వృషభంలో 3, కుజుడు మకరంలో 28, బుధుడు కన్యలో 15, శుక్రుడు మీనంలో 27. ఈ నాలుగూ రెండు చోట్లా ఒకటే. తేడా ఉన్నవి మూడు. సూర్యుడికి మనం మేషంలో 10 అంటే వాళ్ళు 19 అంటారు. గురువుకి కర్కాటకంలో మనది 5, వాళ్ళది 15. శనికి తులలో మనది 20, వాళ్ళది 21. అన్నదమ్ముల ఇళ్ళలో ఒకే వంటకం, ఉప్పు దగ్గర తేడా.

కాలం చెప్పే పద్ధతుల్లోకి వెళ్ళేసరికి రెండో ఏడాది సగమైంది. మనకి వింశోత్తరి అనే దశల చక్రం 120 ఏళ్ళు. వాళ్ళకి ఫిర్దార్ అని 75 ఏళ్ళ చక్రం. సూర్యుడికి 10, శుక్రుడికి 8, బుధుడికి 13, చంద్రుడికి 9, శనికి 11, గురువుకి 12, కుజుడికి 7, రాహువుకి 3, కేతువుకి 2. పగటి పుట్టుక అయితే సూర్యుడితో మొదలు, రాత్రి అయితే చంద్రుడితో. నాకు చంద్రుడు తొమ్మిదేళ్ళు, శని ఇరవై దాకా, గురువు ముప్పై రెండు దాకా, కుజుడు ముప్పై తొమ్మిది దాకా. ఆ తర్వాత ఎవరు? ఇక్కడే తగాదా. తొమ్మిదో శతాబ్దపు బాగ్దాద్ జ్యోతిష్కుడు అబూ మఅషర్ ప్రకారం రాహుకేతువులు అన్నిటికీ చివర, డెబ్భై తర్వాత వస్తారు. బొనాటీ మాటల్ని పట్టుకుని కొందరు ఆధునికులు రాత్రి జాతకాలకి కుజుడి తర్వాతే రాహుకేతువుల్ని పెట్టారు. ముప్పై తొమ్మిదో ఏట నా దశ సూర్యుడిదా రాహువుదా అనేది ఆ ఒక్క వాక్యాన్ని ఎలా చదివామన్న దాని మీద ఆధారపడింది. నేను అబూ మఅషర్ వైపు ఉన్నాను, ఎందుకంటే ఏడు గ్రహాల వరసని మధ్యలో తెంచడం నాకు సమంజసంగా అనిపించలేదు.

అప్పుడే ఏడాదికొక రాశి పద్ధతి వచ్చింది. పుట్టిన లగ్నం మొదటి ఏడు, రెండో రాశి రెండో ఏడు, పన్నెండేళ్ళకి మళ్ళీ లగ్నానికి. ఆ ఏడు ఏ రాశికి చేరామో ఆ రాశి అధిపతే ఏడాదికి యజమాని. అరబ్బీలో ఆ చేరిన చోటుని "ఇంతిహా" అంటారు, చివరికి చేరడం అని అర్థం. ఆ పేజీ మార్జిన్‌లో నేను పెన్సిల్‌తో "ముంథ?" అని రాసుకున్నాను. అనుమానం మాత్రమే, రుజువు లేదు. తాతగారు పోయి అప్పటికి చాలా ఏళ్ళయింది.

2023 వేసవిలో ఊళ్ళో ఆయన ఇల్లు అమ్మేద్దామని పెద్దవాళ్ళు నిర్ణయించారు. కప్పు కురుస్తోంది, చూసేవాళ్ళు లేరు. సామాన్లు సర్దడానికి అమ్మా నేనూ వెళ్ళాం. అటక మీద భోషాణంలో పంచాంగాల కట్టలు, వాటి కింద అట్ట ఊడిపోయిన ఒక లాంగ్ నోటుబుక్కు. తాతగారి దస్తూరీ. మొదటి పేజీలో "తాజికం" అని రాసి కింద గీత గీశారు. మూడో పేజీలో ఒక పట్టిక. పైన "హద్దా చక్రము". మేషం ఎదురుగా: గు 6, శు 6, బు 8, కు 5, శ 5.

నేల మీద అలాగే కూర్చుండిపోయాను. అమ్మ కంగారుగా "ఏమైందే?" అంది. నా ఫోన్‌లో ఉన్న అల్ బీరూనీ పట్టిక తీసి పక్కన పెట్టాను. పన్నెండు రాశులూ, అరవై అంకెలూ ఇద్దరం చదివి సరిచూశాం. అమ్మ తాతగారి పుస్తకం చదివింది, నేను ఫోన్ చదివాను. అరవైకి అరవై కలిశాయి.

ఆ తర్వాత తాజికం గురించి వెతికి చదివాను. అరబ్బీ, పారశీక జ్యోతిషం పదమూడో శతాబ్దానికల్లా పశ్చిమ భారతంలో సంస్కృతంలోకి వచ్చింది. 1587లో నీలకంఠుడు రాసిన గ్రంథం దేశమంతా పాకింది. అయితే మనవాళ్ళు దాన్ని నిరయన చక్రానికి అమర్చుకున్నారు. తాతగారి పుస్తకంలో ఉన్న మాటలు ఒక్కొక్కటిగా నా పాత నోట్సుతో పోల్చాను. ఇత్థశాలం అంటే అరబ్బీ ఇత్తిసాల్, ఒక గ్రహం ఇంకొక దాన్ని అందుకోబోవడం. ఇసరాఫ అంటే ఇన్సిరాఫ్, దాటి విడిపోవడం. నక్తం అంటే నఖ్ల్, ఒకరి కాంతిని ఇంకొకరికి మోసుకెళ్ళడం. కంబూలం అంటే ఖబూల్, ఇంటివాడు వచ్చిన గ్రహాన్ని ఆదరించడం. సహమం అంటే సహ్మ్, బాణం. పుణ్య సహమానికి తాతగారు రాసిన సూత్రం, చంద్రుడిలోంచి సూర్యుణ్ణి తీసేసి లగ్నం కలపడం, రాత్రి అయితే తిరగేయడం, అచ్చంగా వాళ్ళ భాగ్య బాణం సూత్రమే. అల్ బీరూనీ ఇలాంటి బాణాలు రోజురోజుకీ పెరిగిపోతున్నాయని విసుక్కుంటూనే 97 ఇచ్చాడు. దీప్తాంశలు, అంటే గ్రహం కాంతి ఎన్ని డిగ్రీల దాకా పాకుతుందో, చూస్తే సూర్యుడికి 15, చంద్రుడికి 12, కుజుడికి 8, బుధ శుక్రులకి ఏడేసి, గురు శనులకి తొమ్మిదేసి. ఒక్క అంకె తేడా లేదు.

ఇంకా దగ్గరి మాటలు మూడు ఉన్నాయి. హద్దా అనేది అరబ్బీ "హద్ద్". రద్ద అనేది అరబ్బీ "రద్ద్", తీసుకోలేక తిప్పి పంపడం. ఖల్లాసర అనేది "ఖాలీ అల్ సైర్", ఎవరినీ అందుకోకుండా ఖాళీగా తిరిగే గ్రహం. హద్దు, రద్దు, ఖాళీ. రైలు రద్దయింది అంటాం, సీటు ఖాళీగా ఉంది అంటాం, పొలం హద్దు అంటాం. తాతగారు సంస్కృత శ్లోకంలో చదివిన మాటా, మా ఇంటి పాలేరు రోజూ వాడిన మాటా ఒకే చోట పుట్టాయి. మూడేళ్ళు ఇంగ్లీషు అనువాదాల్లో వేరే వేరే పేర్లతో కుస్తీ పట్టాను, ఆ మాటలు మా ఇంట్లో ఉన్నాయి.

ముంథ అనుమానం కూడా తీరింది. ముంథహా అని తాతగారు పూర్తి పేరు రాశారు, ఇంతిహాకి తోబుట్టువు లాంటి అరబ్బీ మాటే. 2023లో నాకు ముప్పై తొమ్మిది నిండి నడుస్తోంది. పన్నెండుతో భాగిస్తే శేషం మూడు, అంటే లగ్నం నుంచి నాలుగో రాశి. సాయనంలో తుల నుంచి మకరం, యజమాని శని. నిరయనంలో కన్య నుంచి ధనుస్సు, యజమాని గురువు. ఎలా వేసినా నాలుగో ఇల్లే. ఇల్లు, నేల, పెద్దల ఆస్తి. చూసి ఒళ్ళు జలదరించింది, నిజమే. కానీ ఇది జరిగాక వేసిన లెక్క. జరిగాక వేస్తే చాలా కుదురుతాయి. అందుకే అప్పటి నుంచి ఒక నియమం పెట్టుకున్నాను. పుట్టినరోజుకి వారం ముందే ఆ ఏటి తీర్పు రాసి తేదీ వేసి, కవరులో పెట్టి అతికించేస్తాను. ఏడాది తిరిగాకే తెరుస్తాను. ఇప్పటిదాకా తెరిచిన వాటిలో కొన్ని కుదిరాయి, కొన్ని పూర్తిగా తప్పాయి.

వర్ష చక్రం దగ్గర లెక్కల టీచర్‌గా నాకు బాగా నచ్చిన సంగతి ఒకటి ఉంది. సూర్యుడు పుట్టినప్పటి చోటికి తిరిగొచ్చే క్షణానికి చక్రం వేయాలి. సాయన సంవత్సరం కంటే నిరయన సంవత్సరం సుమారు 20 నిమిషాలు ఎక్కువ. పుట్టిన ఏడాది రెండూ ఒకటే. ముప్పై తొమ్మిదేళ్ళకి తేడా 13 గంటలు దాటుతుంది. అంటే నా వర్ష లగ్నం ఒక లెక్కలో పొద్దున, ఇంకో లెక్కలో రాత్రి. రెండూ ఒకేసారి నిజం కావాలని పట్టుపట్టకుండా, ఒక చక్రాన్ని దాని సూత్రాలతోనే చదవడం నేర్చుకున్నాను.

ఉదయ కాలాల దగ్గర కూడా తాతగారే ఆదుకున్నారు. గ్రహాన్ని డిగ్రీకి ఏడాది చొప్పున నడిపించే పద్ధతికి రాశులు ఎంతసేపట్లో ఉదయిస్తాయో కావాలి. గ్రీకు ఖగోళవేత్త టాలెమీ పట్టికలో భూమధ్యరేఖ దగ్గర మేషానికి 27 డిగ్రీల 50 నిమిషాలు. తాతగారు చిన్నప్పుడు నాతో వల్లె వేయించిన లంకోదయాలు, అంటే భూమధ్యరేఖ దగ్గర రాశులు ఉదయించే కాలాలు, 278, 299, 323 విఘడియలు. విఘడియలు పది అయితే ఒక డిగ్రీ. 278ని పదితో భాగిస్తే 27.8. పలభని, అంటే విషువత్తు రోజు మధ్యాహ్నపు నీడ కొలతని, పదితో, ఎనిమిదితో, పదిలో మూడో వంతుతో హెచ్చవేసి చరఖండాలు, అంటే ఊరి అక్షాంశానికి తగ్గ సవరణలు, తీయడం నా వేళ్ళకి ఇంకా గుర్తుంది. మా ఊరి అక్షాంశానికి పట్టిక ఒక సాయంత్రంలో తయారైంది.

ఒక్క చోట మాత్రం ఆగిపోయాను. హీలాజ్, కద్‌ఖుదా అని ఆయుర్దాయం తీసే పద్ధతి ఉంది. ప్రాణానికి ఆధారమైన బిందువుని ఎంచి, దానిమీద హక్కున్న గ్రహం ఎన్నేళ్ళు ఇస్తుందో చూస్తారు. సూర్యుడి చిన్న సంవత్సరాలు 19, చంద్రుడివి 25, కుజుడివి 15. ఆయుర్దాయం తీసే మన పద్ధతి పిండాయుర్దాయంలో కూడా ఈ ముగ్గురికీ ఇవే అంకెలు. ఇంత చదివాక చేతులు ఊరుకోవు. నాన్న జాతకం తీసి మొదలుపెట్టాను. హీలాజ్ ఎంచాను, కద్‌ఖుదా ఎంచాను, ఇక సంవత్సరాలు రాయాలి. పక్క గదిలో నాన్న దగ్గు వినపడింది. పెన్ను మూసేశాను. తాతగారిని ఎవరైనా ఆయుష్షు అడిగితే "అది నా పని కాదు నాయనా" అనేవారు. ఆ కాగితం చింపేశాను, ఆ అధ్యాయం మళ్ళీ తెరవలేదు. ఈ విద్య నేర్చుకునే వాళ్ళకి నేను గట్టిగా చెప్పే మాట ఇదొక్కటే: ఇంట్లో వాళ్ళకి ఆయుర్దాయం వేయకండి.

ప్రశ్న విషయానికొస్తే నా మొదటి పెద్ద తప్పు కూడా ఆ ఇంటి గురించే. కొనడానికి వచ్చినాయన రేటు దగ్గర పేచీ పడి వెళ్ళిపోయాడు. మళ్ళీ వస్తాడా అని చక్రం వేశాను. లగ్నాధిపతి మాకు, సప్తమాధిపతి ఆయనకి. ఇద్దరూ దాటి విడిపోతున్నారు. ఇసరాఫ. రాడు అని అమ్మకి చెప్పేశాను. అమ్మ ఇంకో పార్టీని చూడమని బాబాయ్‌కి ఫోన్ చేసింది. మూడు వారాల తర్వాత అదే మనిషి తిరిగొచ్చాడు. రప్పించింది బాబాయే, ఇద్దరి మధ్యా తిరిగి మాట కుదిర్చాడు. చక్రం మళ్ళీ తీశాను. చంద్రుడు ఒకరి నుంచి విడివడి రెండో వాళ్ళని అందుకోబోతున్నాడు. కాంతిని మోసుకెళ్ళే నక్తం. తొమ్మిదో శతాబ్దపు జ్యోతిష్కుడు సహ్ల్ ఇబ్న్ బిష్ర్ పుస్తకంలో దీన్ని మూడుసార్లు చదివాను, తాతగారి పుస్తకంలోనూ ఉంది, అయినా చూడలేదు. ఇద్దరు విడిపోవడం కనబడగానే తీర్పు రాసేశాను. ఆ పేజీ మీద ఎర్ర పెన్నుతో "చంద్రుణ్ణి చూడకుండా నోరు తెరవకు" అని రాసుకున్నాను. ఇప్పటికీ ప్రతి ప్రశ్న చక్రానికీ మొదట చంద్రుణ్ణే చూస్తాను.

ఇల్లు రిజిస్ట్రేషన్ రోజున అమ్మ, నేను, బాబాయ్ బల్ల ముందు కూర్చున్నాం. తాతగారి నోటుబుక్కు నా బ్యాగులో ఉంది, ఇంటి నుంచి ఆఖరిగా తెచ్చుకున్నది అదే. దస్తావేజు రాసినాయన కళ్ళజోడు సర్దుకుని షెడ్యూలు చదవడం మొదలుపెట్టాడు. "తూర్పు హద్దు పంచాయతీ రోడ్డు. దక్షిణం హద్దు…" అంటూ చదువుతుంటే అమ్మ నా వైపు చూసి, బల్ల కింద నా చెయ్యి పట్టుకుంది. ఆయన నాలుగు హద్దులూ చదివి, సరిపోయాయా అమ్మా అని అడిగాడు. సరిపోయాయండీ అంది అమ్మ.